శకుంతలక్క ఇంటిపేరు

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూస్తారు కాబట్టే మనకు పుస్తకాలు దొరుకుతాయి. దించిన షట్టర్ల ముందు పట్టా పరిచి కుప్పలు పోస్తారు. మొన్న ఒక కుప్పలో అగాథా క్రిస్టీ నవల ‘ది మిర్రర్ క్రాక్డ్’ చేతికొచ్చింది. అట్ట వెన్ను ఊడి దారాలు వేలాడుతున్నాయి. బేరమాడుతూ అంకితం పేజీ తిప్పాను. 1962 నాటి ఆ నవలను క్రిస్టీ మార్గరెట్ రూథర్‌ఫర్డ్ అనే నటికి అంకితమిచ్చింది. తెర మీద మిస్ మార్పుల్ వేషం కట్టిన బొద్దు మనిషి. 33వ ఏట లండన్ ఓల్డ్ విక్‌లో రంగస్థలం ఎక్కింది. 1961లో మార్పుల్ అయ్యేనాటికి 69 ఏళ్లు. ఆ నడుమ చాలా కాలం ఒక కాలు నాటకంలో, ఒక కాలు సినిమాలో.

పుస్తకం చంకలో పెట్టుకుని నాంపల్లి స్టేషన్ మీదుగా పబ్లిక్ గార్డెన్స్ వైపు నడుస్తుంటే ఇంకో నిండు విగ్రహం బుర్రలో తిష్ఠ వేసింది. మన నటి తెలంగాణ శకుంతల.

1951లో మహారాష్ట్రలో పుట్టిన మరాఠీ ఆమె. ‘తెలంగాణ’ ఇంటిపేరైపోయింది. బయటి ఊళ్లవాళ్లకు వింత గానీ హైదరాబాదీలకు కాదు. అబిడ్స్ నుంచి నాలుగడుగులు వేస్తే సుల్తాన్ బజార్, ఒకే కొట్లో తెలుగూ మరాఠీ ఉర్దూ బేరమాడుకుంటాయి. 1956 దాకా మరాఠ్వాడా మనతోనే ఉండె కదా.

ఆమె నాటకం నుంచి వచ్చిన మనిషి. అదేమిటో తెలియాలంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళా తోరణం ముందు నిలబడండి. పైన కప్పు లేదు. పక్కన రైలు కూత, బయట బస్సుల హారన్లు. వాటన్నిటినీ దాటి వెనక వరుసలో పల్లీలు నములుతున్నవాడి చెవిన మాట పడాలి. ఇక్కడ సురభి వాళ్లు ఆడుతుంటే చూశాను. గొంతు నాభి నుంచి లేస్తుంది, కానీ అరుపు కాదు. ఏడుపు కూడా అంత దూరమూ వినపడాలి మరి.

ఆ గొంతుతో 1980లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లోకి వచ్చింది. ఆ సినిమాలో తెలంగాణ యాస జనం ఏడ్చిన భాష, తిరగబడ్డ భాష. ఆ తర్వాత మన సినిమా ఆ యాసను రౌడీకి, పనిమనిషికి, గయ్యాళికి పంచిపెట్టింది. శకుంతల వాటాకు గయ్యాళి వచ్చింది. ఆ గొంతులోంచి దర్శకులు శబ్దాన్ని తీసుకుని మిగతాది గుమ్మం బయటే వదిలేశారని నా ఫిర్యాదు. ఆ గయ్యాళి వేషమే తిండి పెట్టింది గదా అంటారు. పెట్టింది, కాదనను. ‘ఒసేయ్ రాములమ్మ’ మొదలు ఊపిరాడనంత పని ఇచ్చింది.

2003 ఒక్క ఏడాది చూడండి. ‘ఒక్కడు’లో కర్నూలు ఓబుల్ రెడ్డికి తల్లి. అదే ఏడు తమిళ ‘ధూళ్’లో విక్రమ్‌కు ఎదురు నిలిచిన స్వర్ణక్క. పుట్టుక మరాఠీ, ఇంటిపేరు తెలంగాణ, ఒక వేషం సీమది, ఒకటి మద్రాసుది. అరవడం మాత్రమే వచ్చిన మనిషికి ఇన్ని కుదురుతాయా? స్వర్ణక్క కాసేపు ఊరికే చూస్తుంది చూడండి, కళ్లు మాత్రం కదుపుతూ. నాకు ఆ చూపులోనే భయం. ఆ చూపును మనవాళ్లు ఇంకో నాలుగు సినిమాల్లో వాడుకుని ఉండాల్సింది.

రూథర్‌ఫర్డ్‌కు సినిమా విసుగేస్తే వెనక్కి పోవడానికి టికెట్ కొని చూసే నాటకం ఉండేది. మన ఆర్టిస్టుకు ఏముంది? పరిషత్తులు, మెమెంటోలు, శాలువాలు. పదవ తరగతి ఫలితాల్లాగా ఉత్తమ నటి, ఉత్తమ సహాయ నటి అని చదివేసి మైకు కట్టేస్తారు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జూన్ 14న ఆమె పోయింది, గుండెపోటు, 63 ఏళ్లు. ఆ పొద్దున నాంపల్లిలో ఇరానీ హోటల్లో కూచుని ఉన్నాను. టీవీ కింద సాసర్లో చాయ్ పోసుకుంటున్న ఒకాయన తలెత్తి, “అరె, మన శకుంతలక్క పోయిందట” అన్నాడు. ఆమె మరాఠీ అన్న సంగతి ఆ బల్ల చుట్టూ ఎవరికీ తట్టలేదు.

— పాదచారి