జోరీగ చేరిన చోటికి విజ్ఞానం చేరవద్దా?

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ పేరు చెప్పగానే మన ఊళ్లలో అందరికీ గుర్తుకువచ్చేది సాఫ్ట్‌వేర్ కొలువు. అక్కడ దోమల మీద కూడా పరిశోధన జరుగుతున్నదని ఎరిగినవారు తక్కువ. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ అండ్ అప్లైడ్ బయోటెక్నాలజీ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలవారితో కలిసి, నగరాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలస్ స్టీఫెన్సీ దోమ జన్యుక్రమాన్ని 2022లో ప్రకటించారు. అందుకు ఆధారమైన దోమలను 2016లో చెన్నైలో, కట్టడాలు లేస్తున్న ఒక చోట పట్టారు. వేర్వేరు తావులకు చెందిన 82 దోమల జన్యుక్రమాలను కూడా పరిశీలించారు. దూరదూరపు దోమల మధ్య దగ్గరి పోలికలు కనిపించాయి. నగరాల నడుమ సాగే ప్రయాణాలూ వర్తకమూ ఇందుకు కారణం కావచ్చునని వారు భావించారు.

ఈ దోమ మిద్దె మీది నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో, కట్టుబడి చోట్ల నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. 2012లో జిబూతీలో, 2016లో ఇథియోపియాలో కనిపించి ఆఫ్రికాను కలవరపెట్టింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై ప్రత్యేకంగా హెచ్చరిక చేసింది. దోమకూ మలేరియాకూ గల సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. నూరేళ్లు దాటిన తరువాత, పాలమూరు నుంచీ రాయలసీమ నుంచీ వలసపోయి నగరాల్లో మేడలు కట్టే మన కూలీలలో ఎందరికి ఆ సంగతి తమ మాటలో తెలిసింది?

ఇది మనుషుల మాట. పశువుల మాటకు వద్దాం. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి అదే రోడ్డున దక్షిణానికి సాగి అత్తిబెలె దాటితే హోసూరు. ఆ చుట్టుపట్ల అనేక పల్లెల్లో ఇంటి మాట తెలుగు, ఇంటికి ఆదరువు పాడి. మన రైతుకు జోరీగను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. అది కుట్టినప్పుడు పశువు ఎంత అల్లాడుతుందో అతనికి తెలుసు. ఆ ఈగ ఒక పశువు నెత్తురు తాగుతూ సగంలో లేచి మరొకదాని మీద వాలితే, సర్రా వ్యాధి కలిగించే ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి దాని మూతితోపాటు వెళుతుంది. పశువుకు జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రక్తం క్షీణిస్తుంది, పాలు తగ్గుతాయి, చూడి పోవచ్చు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబులో ఈ జీవిని కనుగొన్నాడు. ఇది తన పైపొరను మాటిమాటికీ మార్చుకొంటుంది గనుక దీనికి నేటికీ టీకా లేదు.

ఇది పశువులకే పరిమితమని చాలాకాలం అనుకొన్నారు. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, అంటే మన ఆదిలాబాదుకు సరిహద్దు జిల్లాలో, ఒక రైతు నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతో బాధపడ్డాడు. అతని రక్తంలో ఈ పరాన్నజీవి కనిపించింది. సురామిన్ మందుతో కోలుకొన్నాడు. ఈ జీవిని చంపగల ఒక ప్రొటీన్ సాధారణంగా మనిషి రక్తంలో ఉంటుందనీ, జన్యులోపం వల్ల అతనిలో అది లేదనీ 2006లో తేలింది. అంతుబట్టని జ్వరంతో వచ్చిన రైతును “నీ కొట్టంలో పశువులు ఎలా ఉన్నాయి?” అని అతని భాషలో అడగడం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదంతం చాటుతున్నది.

పరిశోధనలన్నీ రైతుకు అర్థం కావాలని మేము అనడం లేదు. జన్యుక్రమం ప్రయోగశాల పని. కాని దశాబ్దాల శ్రమలోంచి రెండు చిన్న మాటలు తేలాయి. ఒకటి: సర్రా పరాన్నజీవి జోరీగలో పెరగదు, దాని మూతి మీద కొద్దిసేపే బతికి ఉంటుంది, కనుక జ్వరం తగిలిన పశువును మందకు దూరంగా కడితే ముప్పు తగ్గుతుంది. రెండు: నీళ్ల ట్యాంకుకు సందులేని మూత పెడితే దోమ గుడ్లు పెట్టలేదు. ఈ రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది వాటిని చేరవేసే భాష.

చేరవేయడం ఒకవైపే కారాదు. కరపత్రాలలో “బాహ్య పరాన్నజీవులు” అని ఒక్క గాటన కట్టేస్తారు. మన కాపరి మాత్రం జోరీగను జోరీగ అంటాడు, పిడుదును పిడుదు అంటాడు. థైలీరియా, బబీసియా జ్వరాలను మోసేవి పిడుదులు. సర్రాను మోసేది జోరీగ. రోగాలు వేరు, నివారణ వేరు. ఇక్కడ ఏ మాట ఎక్కువ శాస్త్రీయమో చదువరులే తేల్చాలి. రోగం జాడను మొదట పసిగట్టేది కాపరి కన్నే. అతని మాటను రాసుకోని విజ్ఞానం ఆ జాడను పోగొట్టుకొంటుంది.

కాబట్టి మేము కోరేది ఇది. ప్రజాధనంతో జరిగే ప్రతి పరిశోధనకూ ఆయా ప్రాంతాల భాషల్లో ఒక పుట సారాంశం వెలువడాలి. బెంగళూరు యలహంకలోని జాతీయ సంస్థ ‘నివేది’ నెలనెలా పశురోగాలను ముందుగా అంచనా వేస్తున్నది. వాటిలో సర్రా కూడా ఉన్నది. ఆ హెచ్చరిక ఏ భాషలో బయలుదేరినా మన కొట్టంలోకి తెలుగులోనే అడుగుపెట్టాలి. తిరుపతి, హైదరాబాదు పశువైద్య విశ్వవిద్యాలయాలు కాపరుల నోట ఉన్న రోగాల పేర్లనూ పురుగుల పేర్లనూ జిల్లాలవారీగా సేకరించి కోశంగా కూర్చాలి. బెంగళూరు ప్రయోగశాలల్లో పనిచేస్తున్న తెలుగు యువతకు మా విన్నపం: మీరు చేస్తున్న పనిని మీ ఊరి పశువుల కాపరికి పది వాక్యాలలో రాసి పంపండి.

జోరీగ ఒక పశువు నుంచి మరొకదాని మీదికి క్షణంలో చేరుతున్నది. దాని గుట్టు తెలిసిన మాట కాపరిని చేరడానికి తరాలు పట్టడం మనకు తగదు.