నక్కల బేరం



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒక చెల్లాయి రాసిన ఉత్తరం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. సంగతి ఏమిటంటే, వాళ్ళ అమ్మ కొట్టుకు పోయి కాఫీపొడి తెచ్చి, "మళ్ళీ ధర పెంచేశారు!" అని విసుక్కున్నదట. వాళ్ళ నాన్న పత్రికలోనుంచి తల ఎత్తకుండానే, "పోనిద్దూ! ఆ మేరకు పండించిన రైతన్నా బాగుపడతాడు," అన్నాడట. "అన్నయ్యా, నాన్న చెప్పింది నిజమేనా? మనం ఎక్కువ ఇస్తే రైతుకు ఎక్కువ ముడుతుందా?" అని చెల్లాయి అడిగింది.

ఒక్కొక్కప్పుడు నిజమే, చాలాసార్లు కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మనం గ్లాసులో ఉన్న కాఫీని పట్టుకుని వెనక్కు నడుస్తూ చెట్టుదాకా పోవాలి. పదండి, పోదాం.

కాఫీమొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపుకు రాదు. అన్నాళ్ళూ రైతు దానికి చాకిరీ చెయ్యవలసిందే. ఆ తరవాత మల్లెపూలలాంటి తెల్లని పూలు పూసి, ఆకుపచ్చని కాయలు కాసి, కొన్ని నెలలకు అవి ఎర్రగా పండుతాయి. ఒకే కొమ్మమీద పండూ, పచ్చికాయా పక్కపక్కనే ఉంటాయి. కనక చిన్నచిన్న తోటలలో పండినవాటిని మాత్రం ఏరి, ఒక్కొక్కటిగా చేత్తో కోస్తారు. ఒక్కొక్క పండులో సాధారణంగా రెండే గింజలు. ఐదారు కిలోల పండ్లు కోసి, తొక్క తీసి, కడిగి, ఎండబెడితే ఒక్క కిలో పచ్చిగింజలు వస్తాయి. వాటిని వేయిస్తే ఆ కిలోలో ఐదో వంతుదాకా తగ్గిపోతుంది. అంటే మీ నాన్న తాగే ఒక గ్లాసు కాఫీకి పది గ్రాముల పొడి వేస్తే, దానికోసం ఎక్కడో ఒక కొండవాలున ఎవరో సుమారు నలభై పండ్లు కోశారన్నమాట!

ప్రపంచంలో కాఫీతోటలు కోటికి పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఒకటి రెండు హెక్టార్లకు మించని చిన్న కమతాలు. ఆ రైతు పరిస్థితి ఎలాంటిదో చూడండి. కోసిన పండు నిలవ ఉండదు. ఒకటి రెండు రోజులలో పులిసి పాడవుతుంది. ఊరికి మంచి బాట ఉండదు. ఇంట్లో తూకపు యంత్రం ఉండదు. పట్నంలో ధర ఎంత ఉందో తెలియదు. పోయినసారి పంటడబ్బు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలలుంటాయి. మధ్య అమెరికా కాఫీరైతులు వాటిని "బక్క నెలలు" అంటారు. ఆ నెలలలో పిల్లలకు తిండి పెట్టటానికి రైతు అప్పు చెయ్యకతప్పదు. అప్పు ఇచ్చేవాడూ, పంట కొనేవాడూ ఒకడే అయితే? వాడు చెప్పిందే ధర, వాడు తూచిందే తూకం!

ఆ తరవాత గింజలు మిల్లుకు పోతాయి, ఎగుమతి చేసేవారి దగ్గరకు పోతాయి, ఓడ ఎక్కుతాయి, వేయించి పొడికొట్టే కంపెనీకి చేరుతాయి, చివరకు కొట్టుకు వస్తాయి. దారిలో అందరూ దొంగలని కాదు. ఓడ నడపాలి, గింజ వేయించాలి, పొట్లం కట్టాలి. ప్రతి పనికీ కూలి ఉండవలసిందే. కాని తేడా ఒకటి ఉంది. దారిలో ఉన్నవాళ్ళు తాము కొన్న ధరమీద తమ ఖర్చూ, తమ లాభమూ వేసుకుని అమ్ముకుంటారు. చెట్టు దగ్గర ఉన్నవాడు అలా చెయ్యలేడు. మంచు పడినా, పురుగు పట్టినా, ధర పడిపోయినా దెబ్బ మొదట తగిలేది వాడికే.

మరి ఆ ధర నిర్ణయించేది ఎవరు? మంచిరకం కాఫీ అయిన అరబికాకు న్యూయార్కు నగరంలోని బజారులో ధర పలుకుతుంది. అక్కడ గింజలు కుప్పలు పోసి అమ్మరు. ఫలానా నెలలో ఇన్ని పౌన్ల కాఫీ ఇంత ధరకు ఇస్తాం, పుచ్చుకుంటాం అని ఒప్పందాలు కొంటారు, అమ్ముతారు. పౌను అంటే 454 గ్రాములు. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ కాఫీ పండేది బ్రెజిల్‌లో. 1975 జూలైలో అక్కడ పెద్ద మంచు కురిసి, తోటలకు తోటలు మాడిపోయాయి. 1977 నాటికి న్యూయార్కులో పౌను ధర 3 డాలర్లు దాటింది. కాఫీ తాగేవాళ్ళు గోలపెట్టారు. కాని చెట్లు మాడిపోయిన బ్రెజిల్ రైతుకు ఆ ధరవల్ల ఏం లాభం? అమ్మటానికి గింజ ఉంటేగా!

ధర ఇలా ఎగిరిపడకుండా ఉండాలని 1962లో కాఫీ పండించే దేశాలూ, కొనే దేశాలూ కలిసి ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఏ దేశం ఎంత ఎగుమతి చెయ్యాలో వాటాలు వేసుకున్నాయి. సరుకు వెల్లువలా రాకపోతే ధర పడిపోదు గదా! మధ్యమధ్య తెగుతూ అతుకుతూ ఆ కట్టుబాటు చాలాకాలం నడిచింది. 1989 జూలైలో దేశాలకు వాటాలలో పొత్తు కుదరక అది కూలిపోయింది. కొద్ది నెలలలోనే ధర సుమారు సగానికి పడింది. ఆ తరవాత వియత్నాం దేశం కొద్ది సంవత్సరాలలోనే బ్రెజిల్ తరవాత అంత కాఫీ పండించేదయింది. బ్రెజిల్‌లోనూ పంట పెరిగింది. 2001లో అరబికా ధర పౌనుకు 50 సెంట్లకన్నా కిందికి దిగింది. డాలరుకు 100 సెంట్లు. అంటే అర డాలరు కూడా లేదన్నమాట. పండించటానికి అయిన ఖర్చుకూడా రాక, ఎందరో రైతులు పండ్లు కొమ్మలమీదనే వదిలేసి, కూలిపనికోసం ఊళ్ళు విడిచిపోయారు. కాని పట్నాలలో గ్లాసు కాఫీ ధర మాత్రం సగం కాలేదు. చూశారా, కింద ధర పడితే ఆ సంగతి మన కొట్టుదాకా రాదు. పైన ధర పెరిగితే ఆ సంగతి రైతుదాకా పోదు!

అయితే దీనికి విరుగుడే లేదా? ఉంది. అది మొదలుపెట్టినవాళ్ళలో మెక్సికో దేశపు కొండజాతుల రైతులు ముఖ్యులు. వాళ్ళ కథ వినండి.

మెక్సికోకు దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొండలలో ఆదివాసులు కాఫీ పండిస్తారు. ఊరూరా తిరిగి కాఫీ కొనే దళారులను వాళ్ళు "కయోటీలు" అనేవాళ్ళు. కయోటీ అంటే అమెరికా ఖండపు అడవిజంతువు, మన గుంటనక్కకు దగ్గర చుట్టం. అంత మంచి పేరు ఆ దళారులకు ఊరికే రాలేదు! ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్చి మతగురువు ఆ కొండలలో కాపరం పెట్టి, తనూ రైతులతోపాటు కాఫీ పండించాడు. 1980 దాటిన తొలి సంవత్సరాలలో అక్కడి రైతులు ఒకచోట కూడి, మనం ఇంత కష్టపడుతున్నా పేదలుగానే ఎందుకున్నాం అని లెక్కలు చూసుకున్నారు. పట్నంలో పలికే ధరకూ, నక్క ఇచ్చే ధరకూ మధ్య ఎంత అగాధం ఉందో వాళ్ళకు అప్పుడు తెలిసింది.

వాళ్ళు నక్కలతో కొట్లాటకు దిగలేదు. ఊళ్ళన్నీ కలిసి సహకారసంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఉసిరీ. పంటంతా ఒకచోట చేర్చి, తమ తక్కెట్లో తామే తూచుకుని, నేరుగా పైదేశాలకు అమ్మటానికి ప్రయత్నించారు. వచ్చిన లాభంతో తమ కొండదారులలో బస్సులు నడిపించారు. పెద్దపిల్లలకోసం బడి పెట్టారు.

ఒంటరిగా ఉన్నవాణ్ణి ఎవరైనా బెదిరించవచ్చు. పది ఊళ్ళు ఒక్క తక్కెడ దగ్గర నిలబడితే బెదిరించటం కష్టం. కాని అమ్మేవాళ్ళు ఒకటైతే చాలదు, న్యాయంగా కొనేవాళ్ళుకూడా కావాలి. హాలెండులో సొలిదారిదాద్ అనే సంస్థ ఉంది. దానిలో పనిచేసే నికో రోజెన్‌తో ఫ్రాన్స్ ఈ సంగతి మాట్లాడాడు. రైతుల మాట ఒక్కటే: మాకు దానం వద్దు, సరయిన ధర కావాలి. ఆ మాటలోనుంచి 1988 నవంబరులో ఒక ముద్ర పుట్టింది. ఆ ముద్ర ఉన్న పొట్లంలోని కాఫీకి రైతుసంఘానికి న్యాయమైన ధర చెల్లినట్టు లెక్క. దానికి "మాక్స్ హావెలార్" అని పేరు పెట్టారు.

ఎవరీ మాక్స్ హావెలార్? అతను మనిషి కాదు, ఒక నవలలో నాయకుడు! పూర్వం జావా ద్వీపాన్ని డచ్చివారు ఏలుతుండగా, అక్కడి రైతులు తమ పొలాలలో ప్రభుత్వం చెప్పిన పంటలే పండించి, అది నిర్ణయించిన ధరకే ఇవ్వవలసివచ్చేది. ఆ బాధలు కళ్ళారా చూసిన ఒక డచ్చి ఉద్యోగి 1856లో ఉద్యోగం వదులుకుని, మూల్తాతూలి అనే మారుపేరుతో ఒక నవల రాశాడు. అది 1860లో వెలువడి హాలెండులో పెద్ద అలజడి రేపింది. నూట పాతికేళ్ళు దాటాక ఆ నవలానాయకుడి పేరే కాఫీపొట్లం ఎక్కింది.

ఇప్పుడు అటువంటి ముద్రలు చాలా దేశాలలో ఉన్నాయి. వీటిలో చాలా కలిసి ఏర్పడిన సంస్థ పేరు ఫెయిర్‌ట్రేడ్. అది పెట్టిన కట్టుబాటు ఇలా ఉంటుంది. 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం కడిగిన అరబికా కాఫీకి పౌనుకు 1 డాలరు 80 సెంట్లకన్నా తక్కువ ఇవ్వకూడదు. పైగా 20 సెంట్లు బడికో, బాటకో, మంచి నారుకో ఖర్చు పెట్టుకోవటానికి సంఘానికి విడిగా ఇవ్వాలి. న్యూయార్కులో ధర 1 డాలరు 20 సెంట్లకు పడిందనుకోండి, సంఘానికి వచ్చేది 2 డాలర్లు. అక్కడ ధర 3 డాలర్లు ఉంటే, వచ్చేది 3 డాలర్ల 20 సెంట్లు. సంఘం అడిగితే కొనేవారు 60 శాతందాకా డబ్బు ముందే ఇవ్వాలికూడా. బక్క నెలలలో అప్పులపాలు కాకుండా కాపాడేది ఇదే. నూతిలో పడేవాడికి కాలికింద ఒక మెట్టు దొరికినట్టన్నమాట.

ఇంతటితో కష్టాలన్నీ తీరిపోయాయనుకోకండి. ఆ డబ్బు సంఘానికి పోతుంది. సంఘం తన ఖర్చులు పోను మిగిలింది రైతుకు పంచుతుంది. ముద్ర పొందటానికి రుసుము కట్టాలి. సంఘం పండించిన కాఫీ అంతా ముద్రమీద అమ్ముడుపోదు. కొనేవాళ్ళు లేక మిగిలినది మామూలు ధరకే పోతుంది. సొంత తోట లేక కూలికి పండ్లు కోసేవాళ్ళకు ఈ మేలు చాలాచోట్ల సరిగా అందటం లేదు. మెట్టు ఒకటి దొరికింది గాని, పైకి ఎక్కటం ఇంకా మిగిలే ఉంది.

మన దగ్గరకూడా ఇలాంటి ప్రయత్నం ఉంది. అరకు, పాడేరు కొండలలో గిరిజనరైతులు సిల్వరు ఓకు చెట్ల నీడన కాఫీ పండిస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. కాఫీ ఒకటే నమ్ముకోకుండా ఇదొక ఆసరా. సంతలో దళారి చెప్పిందే ధర కాకుండా, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా వాళ్ళ కాఫీ కొంటుంది. రైతులు తమలో తాము పెట్టుకున్న సహకారసంఘాలూ ఉన్నాయి. 2017లో పారిస్ నగరంలో "అరకు" అనే పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట పండిన గింజను అరకు పేరు పెట్టి అమ్మటానికి వీల్లేదు. పేరు నిలబడితే బేరం నిలబడుతుంది.

ఇక చెల్లాయి ప్రశ్న దగ్గరకు వద్దాం. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కులో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అంతకుముందు ఎన్నడూ అంత పలకలేదు. కారణం బ్రెజిల్‌లోనూ, వియత్నాంలోనూ వానలు లేక పంట దెబ్బతినటం. గింజ నిలవ ఉండి, తూకం తన చేతిలో ఉన్న రైతుకు అది పండగే. పంట ఎండిపోయినవాడికి, ముందే అప్పుకు అమ్మేసుకున్నవాడికి అందులో దమ్మిడీ లేదు. కనక, చెల్లాయీ, మీ నాన్నతో ఇలా చెప్పు: "నాన్నా, ధర పెరిగితే రైతు బాగుపడడు. ధర తనకు తెలిసి, తక్కెడ తన దగ్గర ఉండి, నలుగురితో కలిసి అమ్ముకుంటే బాగుపడతాడు."

ఈ నెల మీకందరికీ ఒక పని చెబుతున్నాను. ఇంట్లో కాఫీపొట్లం తీసుకుని, దానిమీద అక్షరం వదలకుండా చదవండి. కంపెనీ పేరు ఉంటుంది, ధర ఉంటుంది. గింజ ఎక్కడ పండిందో, ఎవరు పండించారో ఉన్నదా? కాఫీ తాగని ఇంట్లో టీపొట్లమో, బెల్లమో చూడండి. తరవాత కూరలమ్మే అవ్వ దగ్గరకు పోయి, ఆ టమాటాలకు రైతుకు ఎంత ముట్టిందో మర్యాదగా అడగండి. మీరు కనిపెట్టింది నాకు ఉత్తరం రాయండి. ఏమీ దొరకకపోతే, ఏమీ దొరకలేదనే రాయండి. అదికూడా ఒక జవాబే.

మీ
అన్నయ్య