‘రిసోర్స్’ కాలమ్ పేరు మార్చాలి

విశాఖ ఐటీ ఉద్యోగులారా, ప్రాజెక్టు ప్లానర్లారా, కాంట్రాక్టు సంస్థల సైట్ ఇంజినీర్లారా!

గత నెల మధురవాడలో ఒక ఆఫీసులో జరిగిన సంగతి మీలో చాలామంది చెవిన పడే ఉంటుంది. పగలు ఒక ప్రాజెక్టు, రాత్రి ఇంకో ప్రాజెక్టు చేస్తున్న కుర్రాడు సీట్లోనే కళ్లు తిరిగి పడిపోయాడు. అతన్ని ఆస్పత్రిలో చేర్చి ఇంకా అందరూ అక్కడే ఉండగా టీమ్‌కి మెయిల్ వచ్చింది: రిసోర్స్ అందుబాటులో లేదు, వెంటనే రీప్లేస్‌మెంట్ చూడండి. అందులో అతని పేరు లేదు. ఎలా ఉన్నాడన్న మాట లేదు.

ఆ మెయిల్ రాసినవాళ్లు రాక్షసులు కారు. వాళ్ల ముందున్న స్క్రీన్ మీద ఏ మాట ఉందో ఆ మాటే రాశారు. మా గొడవ ఆ మాటతోనే.

ఆ కుర్రాడి ప్లాన్ షీట్ మేం తెరిచి చూశాం. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడేవాళ్లకు రిసోర్స్ షీట్ కొత్త కాదు. అందులో ప్రతి వరసకూ ఒక టైప్ ఉంటుంది: వర్క్, మెటీరియల్, కాస్ట్. సిమెంటు మెటీరియల్ కిందికి పోతుంది. మనిషీ క్రేనూ వర్క్ కిందికి, పక్కపక్కన. ఆ పక్కనే మ్యాక్స్ యూనిట్స్ అని ఒక గడి. పూర్తి రోజు పనిచేసే మనిషికి అందులో 100 శాతం ఉంటుంది. అంతకు మించి పని వేస్తే ఆ వరస ఎర్రబడుతుంది. ఎరుపు పోవాలంటే పని తగ్గించాలి, లేదా ఇంకొకరికి పంచాలి. ఇవేవీ చేయకుండా 100 కొట్టేసి 200 అని రాసినా ఎరుపు పోతుంది. అక్కడ చేసింది అదే. అడిగితే, “రెడ్ పోయింది కదా, ఇంకేంటి ప్రాబ్లమ్?” అన్నారు.

ఆ 200 అనే వెసులుబాటు అసలు ఎందుకు పెట్టారో ప్లానర్లకు తెలుసు. ఇద్దరు వెల్డర్లుంటే ‘వెల్డర్లు’ అని ఒకే వరస పెట్టి 200 రాసుకోవచ్చు. అది గుంపు కోసం చేసిన ఏర్పాటు. దాన్ని ఒక మనిషి పేరు మీద రాస్తే సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. ఆ వరసలో ఉన్నది మనిషని దానికి ఎవరూ చెప్పలేదు. రెండు కాంక్రీట్ మిక్సర్లకు 200 ఎంతో, ఒక తల్లి కన్న బిడ్డకూ 200 అంతే. ఆ వరస మీద ‘ఉద్యోగి’ అని రాసి ఉంటే ఎదురుగా 200 కొట్టడానికి ఎవరికైనా చెయ్యి వణికేది. ‘రిసోర్స్’ అని ఉంది కాబట్టి వణకలేదు.

ఈ మాట స్క్రీన్ దాటి మన నోళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. మీ ఆఫీసులో ఫోన్ మాటలు వినండి. “నాలుగు రిసోర్సులు పంపించండి, రెండు సరిపోవు.” తెలుగులో మనుషుల్ని నలుగురు అంటాం, ఇద్దరు అంటాం. నాలుగు, రెండు అనేది వస్తువుల్ని. బడి మెట్లెక్కని వాళ్లు కూడా తప్పని లెక్క ఇది. ఇంజినీరింగ్ చదివిన మనం రోజూ తప్పుతున్నాం.

ఇప్పటివరకూ మర్యాదగా చెప్పాం. ఇక మీదట సూటిగా చెబుతాం.

2025లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు రాష్ట్ర ప్రభుత్వం 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించింది. ఏం చెప్పి ఇచ్చారు? ఉద్యోగాలు వస్తాయని. ఒక్క కంపెనీ మాటే కాదు, ఈ తీరంలో ఏ భూ కేటాయింపు జరిగినా ప్రజలకు చెప్పేది ఉద్యోగుల సంఖ్యే. జీవోలో ఉద్యోగి, పేపర్ ప్రకటనలో ఉద్యోగి. లోపలికెళ్లి లాగిన్ అయ్యాక ఉద్యోగి అనే కాలమే లేదు! భూమి తీసుకునేటప్పుడు మనుషులం, పని చేయించుకునేటప్పుడు రిసోర్సులమా? ఇది ఒప్పుకునేది లేదు.

పేరులో ఏముంది అనేవాళ్లు మన డాక్ చరిత్ర చదువుకోవాలి. పోర్టు మొదలైంది 1933లో. తర్వాత ఎన్నో ఏళ్లు ఓడ వచ్చిన రోజు కూలీ, రాని రోజు పస్తు. మేస్త్రి చెయ్యి చూపించినవాడికే పని. 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని కింద విశాఖకు 1959లో స్కీమ్ వచ్చింది. గేటు దగ్గర కాచుకున్న కూలీ ఆ స్కీమ్ రిజిస్టర్‌లో ‘డాక్ వర్కర్’ అయ్యాడు. పేరెక్కాక, పనికి సిద్ధంగా వచ్చి పని దొరకని రోజుకు కూడా హాజరు సొమ్ము అడిగే హక్కు దక్కింది. రిజిస్టర్‌లో మాట మారడానికి వెనక పోరాటం ఉంది, మారాక ముందుకు హక్కు వచ్చింది.

రిజిస్టర్‌లో మాట ఇంకోలా మారితే ఏమవుతుందో కూర్మన్నపాలెం వెళ్లి అడగండి. ఉక్కు కర్మాగారానికి ఊళ్లు అప్పగించిన రైతులు కాగితాల మీద ‘ఆర్ కార్డుదారులు’, అంటే పునరావాస కార్డు ఉన్నవాళ్లు, అయ్యారు. కార్డు చేతిలో ఉంది, చాలామందికి ఉద్యోగం రాలేదు, తలలు నెరిశాయి.

దేశమంతా వాడే మాట, మనం మారిస్తే ఎలా అంటారు. దేశమే మార్చుకుంది. 1985లో కేంద్ర విద్యా శాఖను మానవ వనరుల అభివృద్ధి శాఖ చేశారు. దానికి తొలి మంత్రి మన పీవీ నరసింహారావు గారే. 2020లో కొత్త విద్యా విధానంతో పాటు ఆ ‘వనరులు’ తీసేసి మళ్లీ విద్యా శాఖ అన్నారు. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ బోర్డు మారగా లేనిది మీ షీట్‌లో కాలమ్ మారదా?

రిపోర్టులు చెడిపోతాయన్నది ఇంకో సాకు. జిరాలో ఏళ్ల తరబడి ప్రతి పనినీ ‘ఇష్యూ’ అనేవారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు పునాది లాంటి మాట అది. 2025లో దాన్ని ‘వర్క్ ఐటమ్’ అని మార్చారు. గిట్‌హబ్‌లో 2020లో కొత్త రిపాజిటరీల డిఫాల్ట్ బ్రాంచ్‌కు ‘మాస్టర్’ అన్న పేరు పోయి ‘మెయిన్’ వచ్చింది. ప్రపంచం కూలిపోలేదు. ఖర్చు సంగతి మాట్లాడటం కూడా దండగ.

కాబట్టి మేం అడుగుతున్నది ఇదీ. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మనుషులకు ‘ఉద్యోగి’ లేదా ‘టీమ్ మెంబర్’ అనే వేరే పట్టిక ఉండాలి. రిసోర్స్ అన్న మాట యంత్రాలకూ సామాన్లకూ ఉంచుకోండి. మనిషి పేరు ఎదురుగా 100 దాటిన అంకె పడితే సాఫ్ట్‌వేర్ తీసుకోకూడదు. అమ్మే కంపెనీలు ఈ మార్పు చేసేదాకా కొనే కంపెనీలు తమ సెట్టింగుల్లోనే చేయాలి. ఐటీ భూ కేటాయింపుల ఒప్పందాల్లో, పోర్టు, స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ టెండర్లలో దీన్ని షరతుగా పెట్టాలి. కార్మిక సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో చేర్చాలి.

ప్లానర్లు ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు. ‘రిసోర్స్ నేమ్స్’ కాలమ్ హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేయండి. ఫీల్డ్ సెట్టింగ్స్ తెరిచి, టైటిల్ గడిలో ‘ఉద్యోగులు’ అని కొట్టి ఓకే నొక్కండి. ఆ ప్లాన్‌నే సోమవారం రివ్యూ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద పెట్టండి. ఎందుకు మార్చావని అడిగితే ఈ కరపత్రం చేతిలో పెట్టండి.

— మధురవాడ, రుషికొండ, గాజువాక ప్రాజెక్టు ప్లానింగ్ ఉద్యోగులు