పొగ తెచ్చిన క్యాన్సర్‌కు రుజువు ఎవరు చూపాలి?

2023 మార్చి 2న కొచ్చి శివారులోని బ్రహ్మపురం చెత్త యార్డుకు నిప్పంటుకుంది. ప్లాస్టిక్ గుట్టలు పది రోజులకు పైగా లోలోపల కాలుతూనే ఉన్నాయి. జనాన్ని ఇళ్లలోంచి బయటకు రావద్దన్నారు, మాస్కులు పెట్టుకోమన్నారు. అగ్నిమాపక సిబ్బంది మాత్రం షిఫ్టుల వారీగా ఆ పొగలోనే పనిచేశారు.

వారిలో ఒకరికి పదిహేనేళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చిందనుకుందాం. అది డ్యూటీ వల్లే వచ్చిందని ఎవరు రుజువు చేయాలి? మన చట్టం ఆ బరువును చాలావరకు రోగి మీదే పెడుతోంది.

సైన్స్ ఏం తేల్చింది?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2022లో అగ్నిమాపక వృత్తినే గ్రూప్-1 క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న జాబితా అదే. ఈ వృత్తిలో ఉన్నవారికి మీసోథెలియోమా ముప్పు 58 శాతం, మూత్రాశయ క్యాన్సర్ ముప్పు 16 శాతం ఎక్కువని లెక్కగట్టింది. పెద్దపేగు, ప్రోస్టేట్, వృషణాల క్యాన్సర్లు, మెలనోమా, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా విషయంలో ఆధారాలు పరిమితంగా ఉన్నాయని చెప్పింది.

అయితే ఇవి సమూహానికి సంబంధించిన లెక్కలు. ఫలానా వ్యక్తికి ఫలానా మంట వల్లే జబ్బు చేసిందని ఏ డాక్టరూ రాసివ్వలేరు. చట్టం అడిగేది సరిగ్గా ఆ కాగితమే.

అమెరికాలో రుజువు ఎవరిది?

ఈ చిక్కుముడిని విప్పడానికి కొన్ని దేశాలు రుజువు భారాన్ని తిరగేశాయి. నిర్ణీత సర్వీసు, జాబితాలోని క్యాన్సర్ ఉంటే అది వృత్తి వల్ల వచ్చినట్టే భావిస్తారు. కాదనుకుంటే యజమానే నిరూపించాలి. కెనడాలోని మానిటోబా 2002లో, ఆస్ట్రేలియా 2011లో, ఫెడరల్ సిబ్బంది కోసం అమెరికా 2022లో ఇలాంటి చట్టాలు చేశాయి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఐదేళ్ల సర్వీసు ఉండాలి, చివరిసారి మంటల్లో పనిచేసిన పదేళ్లలోపు జబ్బు బయటపడాలి.

చట్టం వచ్చాక కూడా కోర్టు మెట్లు ఎక్కక తప్పలేదు. పెన్సిల్వేనియాలో 2011 చట్టం కింద మెలనోమా సోకిన ఒక ఫైర్‌ఫైటర్ కేసు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గ్రూప్-1 కారకాలు ఆ రకం క్యాన్సర్‌ను కలిగించగలవని చూపితే చాలని, ఈ వ్యక్తి జబ్బుకు అవి కారణం కాదని తేల్చాల్సింది యజమానేనని కోర్టు 2018లో చెప్పింది.

మన దగ్గర అడ్డం పడేవి

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూల్‌లో ఫైర్ బ్రిగేడ్ పేరుంది. మూడో షెడ్యూల్‌లోని వృత్తి వ్యాధుల్లో ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మీసోథెలియోమా, మూత్రాశయ క్యాన్సర్ కూడా ఉన్నాయి. జాబితాలోని జబ్బును ఉద్యోగం వల్ల వచ్చినట్టే భావించాలని మూడో సెక్షన్ చెబుతోంది. అంటే రుజువు భారాన్ని తిరగేసే సూత్రం మనకు కొత్త కాదు.

కానీ ఆ జబ్బుల పక్కన ఫైర్‌మ్యాన్ వృత్తి పేరు లేదు. 'ఆ ముప్పు ఉన్న పని' అని మాత్రమే ఉంది. కాబట్టి తన పనిలో ఆ ముప్పు ఉందని ముందుగా అతనే చూపించాలి. ఏ మంటలో ఏం కాలింది, తాను ఎన్ని గంటలు ఉన్నాడు అన్న రికార్డు లేకపోతే చేతిలో ఏమీ ఉండదు. ఇక జాబితాలో లేని క్యాన్సర్ అయితే ఒక నిర్దిష్ట ప్రమాదంలో తగిలిన గాయం వల్లే నేరుగా వచ్చిందని తేల్చాలి. ముప్పై ఏళ్ల పొగను ఒక్క ప్రమాదంగా చూపడం ఎలా?

రెండో అడ్డంకి కాలం. ఉద్యోగం మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనిపిస్తేనే వృత్తి వ్యాధిగా లెక్కించే వెసులుబాటు ఉంది. మీసోథెలియోమా బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. మూడోది కాంట్రాక్టు ఉద్యోగం. ఒకే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలు పనిచేయాలన్న షరతు వల్ల ఏజెన్సీ మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ పాత చట్రాన్నే కొనసాగించింది. ప్రభుత్వ సిబ్బందికి పెన్షన్ నిబంధనలు వేరుగా ఉన్నా, జబ్బుకూ డ్యూటీకీ సంబంధం ఉందా అన్న ప్రశ్న అక్కడా ఎదురవుతుంది.

దారి ఉంది

సిగరెట్ తాగినవారికీ, వయసు మీద పడ్డవారికీ క్యాన్సర్ వస్తుందన్న వాదన తీసిపారేయదగింది కాదు. అందుకే యజమాని తన రుజువు చూపే అవకాశం ఇలాంటి చాలా చట్టాల్లో ఉంటుంది. తేడా అంతా ఎవరు ముందు మాట్లాడాలన్న దగ్గరే.

దీనికోసం పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. మూడు నెలల నోటీసు ఇచ్చి, గెజిట్ నోటిఫికేషన్‌తో మూడో షెడ్యూల్‌లో కొత్త వృత్తిని, దానికి సంబంధించిన జబ్బులను చేర్చే అధికారాన్ని చట్టం కేంద్రంతో పాటు రాష్ట్రాలకూ ఇచ్చింది. హైదరాబాద్, అమరావతి కూడా ఆ పని చేయవచ్చు. దాంతోపాటు ప్రతి మంట తర్వాత ఎవరు ఎంతసేపు పొగలో ఉన్నారో సర్వీస్ రిజిస్టర్‌లో రాయడం మొదలుపెడితే, రేపటి కేసుకు ఈరోజే సాక్ష్యం తయారవుతుంది.

మంటల్లో చనిపోయిన ఫైర్‌మ్యాన్‌కు అధికార లాంఛనాలు, ఎక్స్‌గ్రేషియా దక్కుతాయి. అదే మంటల పొగ పీల్చి, రిటైరయ్యాక ఆసుపత్రి మంచం మీద పోతే అది వ్యక్తిగత అనారోగ్యం అయిపోతోంది. అతని భార్య చేతికి మిగిలేది మెడికల్ బిల్లులు.