చట్టానికి చెల్లిన పెద్దల మాట చదువుకు చెల్లదా?



రాయపూర్ పండరీలో ఇటీవల జరిగిన మన సభ్యుల సమావేశంలో ఒక తీర్మానం చర్చకు వచ్చినది. ఆదివాసుల చరిత్ర, సంస్కృతి, విజ్ఞానం విశ్వవిద్యాలయంలో ప్రతి విద్యార్థికి పాఠ్యాంశం కావలెనన్నదే ఆ తీర్మానం. ఒక మిత్రుడు లేచి, "కరువుభత్యం సంగతి చూడక మనకీ గోండుల గొడవ ఎందుకు?" అని అడిగినాడు. కొందరు నవ్వినారు. ఆ నవ్వుకు సమాధానం చెప్పక తప్పదు.

ఈ రాయపూర్‌లోనే 1857 డిసెంబరు 10న సోనాఖాన్ జమీందారు వీర నారాయణ సింహ్‌కు బ్రిటిషు ప్రభుత్వం మరణశిక్ష అమలు చేసినది. ఆయన బింఝ్వార్ ఆదివాసి. 1856 కరువులో వర్తకుని ధాన్యపు కొట్టు తెరిపించి ఆకలిగొన్నవారికి పంచినందుకు మొదట ఖైదైనాడు. తపాలా శాఖ 1987లో ఆయన పేర బిళ్ళ విడుదల చేసినది. ఆ బిళ్ళపై ముద్ర కొట్టిన మన శాఖవారిలో ఎందరికి ఆయన కథ తెలియును? కరువుభత్యం కోరే మనకు కరువులో ధాన్యం పంచినవాడు పరాయివాడా?

రైల్వే సోదరులు కూడ ఆలోచించవలె. అడవులను రిజర్వు చేసి తమను వెళ్ళగొట్టుటను సహింపక బస్తర్ ఆదివాసులు 1910లో తిరుగబడినారు. అదే భూమ్‌కాల్, దాని నాయకుడు గుండాధుర్. అదే బస్తర్‌లోని బైలదిల్లా ఇనుపరాయి 1960ల నుండి కొత్తవలస–కిరండూల్ మార్గాన విశాఖ రేవుకు చేరుచున్నది. ఎన్ని టన్నులు పోయినవో మన కాగితాలలో ఉన్నది. ఆ కొండను నమ్ముకొని బ్రతికినవారెవరో ఏ కాగితంలోను లేదు.

"లిపి లేనివారికి చరిత్ర ఎక్కడిది?" అనువారున్నారు. ఆదిలాబాదు గుంజాల గ్రామంలో గోండీ లిపిలోనే వ్రాతప్రతులు దొరికినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ పండితులు వాటిపై కృషి చేసినారు. మన రెండు, మూడు గోండీలో రండ్, మూండ్. తోడబుట్టిన భాషను చూచి నవ్వుట తెలుగువారికి తగునా?

లిపి లేకున్ననేమి? 2006 అటవీ హక్కుల చట్టం క్రింది నిబంధనలు గ్రామ పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా అంగీకరించినవి. భూమి హక్కు తేల్చుటకు పనికివచ్చిన మాట పాఠం చెప్పుటకు పనికిరాదా?

1964లో స్థాపించిన రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర శాఖ ఉన్నది కదా అందురు. ఉన్నది, ఉండవలె. కాని ఒక శాఖలోని కొద్దిమంది చదివినంత మాత్రాన చాలదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో నూటికి సుమారు 31 మంది షెడ్యూల్డు తెగలవారు. రేపు ఇంజనీరై అడవిలో లైను గీసేవాడు, అధికారియై అర్జీ త్రోసిపుచ్చేవాడు ఆ పాఠం చదువక పట్టా పుచ్చుకొనరాదు.

పరీక్షకు వల్లించి మరచిపోయే మరొక పేపరు మనకు అక్కరలేదు. ఆదివాసీ పెద్దలు అధ్యాపకులుగా, అధ్యాపకుల వేతనంతో బోధించవలె. పనికి తగిన కూలి అన్న మన సూత్రం వారికీ వర్తించును. గోండీ, హల్బీ భాషలు నేర్పవలె. బస్తర్‌లో పనిచేయు తపాలా, రైల్వే ఉద్యోగులకు ఆ శిక్షణ డ్యూటీగా లెక్కించవలె. పింఛను సొమ్ము చేతికిచ్చునపుడు ముసలమ్మతో ఆమె భాషలో రెండు మాటలాడలేనివాడు సగం పనే చేసినవాడు.

మిత్రులారా! కరువుభత్యం అడుగుదాము, ఈ చదువూ అడుగుదాము. వచ్చే సమావేశంలో చేతులెత్తి ఈ తీర్మానాన్ని నెగ్గించుడు!