రక్షణ కొనుగోళ్లలో ఆ నాలుగు శాతం ఎవరిది?

హైదరాబాద్ కుషాయిగూడ పారిశ్రామికవాడలో నా మిత్రునికి ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. రెండు సీఎన్‌సీ యంత్రాలు, ఒక పాత లేత్, ఆరుగురు కార్మికులు. మాదిగ కుటుంబంలో పుట్టి, ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, ఇరవై ఏళ్లు ఇతరుల షెడ్లలో పనిచేసిన తర్వాత సొంతంగా పెట్టుకున్నది అది. అక్కడ తయారయ్యే అల్యూమినియం బ్రాకెట్లు ఎక్కడికి వెళతాయని ఒకసారి అడిగాను. ‘మా పక్క గల్లీ దాంక తెలుసన్నా. ఆ పైన ఎవరికి పోతయో డ్రాయింగు మీద రాసి ఉండదు’ అన్నాడు.

పక్క గల్లీలోని సంస్థ రక్షణ రంగ సంస్థకు విడిభాగాలు అమ్మే ఒక పెద్ద కంపెనీకి నమోదిత సరఫరాదారు. లోహం వాళ్లే ఇస్తారు, కొలతలు వాళ్లే చూస్తారు. నా మిత్రునికి దక్కేది ముక్కకింత అని లెక్కగట్టిన జాబ్‌వర్క్ కూలి. అతని దగ్గర ఉద్యమ్ నమోదు ఉంది, కుల ధ్రువీకరణ పత్రం ఉంది, మైక్రాన్లలో పని చేయగల చెయ్యి ఉంది. కానీ రక్షణ రంగపు ఏ కాగితం మీదా అతని పేరు లేదు.

దేశ రక్షణ ఉత్పత్తి 2024-25లో 1,50,590 కోట్ల రూపాయలకు చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. ఎగుమతులు 23,622 కోట్లు. ఆత్మనిర్భర్ పేరుతో సాగుతున్న ఈ విస్తరణలో చిన్న పరిశ్రమలే వెన్నెముక అని ప్రతి సదస్సులోనూ వింటున్నాం. కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్, మిధాని, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, వాటిచుట్టూ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఉన్న హైదరాబాద్‌కు ఈ మాట కొత్తది కాదు. అయితే ఈ చిన్న పరిశ్రమలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం ఆ సదస్సుల్లో వినబడదు.

ప్రశ్న అడగడానికి చట్టబద్ధమైన ఆధారం ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్లపై కేంద్రం 2012లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 20 శాతం ఈ సంస్థల నుంచి జరపాలి. అందులో ఐదో వంతు, అంటే మొత్తంలో 4 శాతం, ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని సంస్థలకు. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. 2018లో మొత్తం లక్ష్యాన్ని 25 శాతానికి పెంచారు, మహిళలకు 3 శాతం చేర్చారు. ఎస్సీ, ఎస్టీల వాటా మాత్రం అదే 4 శాతం దగ్గర ఉండిపోయింది. పాత నిష్పత్తిని పాటించి ఉంటే అది 5 కావాలి. 2011 జనగణనలో ఈ రెండు సమూహాలు కలిపి జనాభాలో నాలుగో వంతు అన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఉత్తర్వును చివరిదాకా చదివినవారు తక్కువ. అసలు కథ అక్కడే ఉంది. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులు అందుకోలేకపోయినా, ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి పూరించుకోవచ్చు. ఉద్యోగాల రిజర్వేషన్లలో బ్యాక్‌లాగ్ అన్న భావన ఒకటి ఉంది. భర్తీ కాని పోస్టు తర్వాతి ఏడాదికి బదిలీ అవుతుంది, దానికోసం పోరాడే వీలుంటుంది. ఇక్కడ బ్యాక్‌లాగ్ లేదు. మిగిలిపోయింది అదే ఏడాది మరొకరి ఖాతాలో పడుతుంది. లక్ష్యానికి ఎప్పుడూ ఆమడ దూరంలో ఉంటున్న అంకెలపై ఏ అధికారీ నిద్ర చెడగొట్టుకోవలసిన అవసరం లేదు.

మరో నిబంధన ఇంకా గట్టిది. ఆయుధ వ్యవస్థలు, క్షిపణులు వంటి రక్షణ సామగ్రి ఈ రిజర్వేషన్ విధానం పరిధిలోకే రాదు. రక్షణ రంగ లక్ష్యాల పర్యవేక్షణ కూడా రక్షణ శాఖే చేసుకుంటుంది. క్షిపణి మొత్తాన్ని కుషాయిగూడ షెడ్డు తయారుచేయదు, నిజమే. కానీ క్షిపణిలో వేలాది బ్రాకెట్లు, బుష్‌లు, కప్లింగులు ఉంటాయి. వాటిని చిన్న షెడ్లే చేస్తున్నాయి. ఆయుధం పేరుతో ఇచ్చిన మినహాయింపు దాని మరమేకు దాకా దిగివచ్చింది.

ఇక ఆ మెట్లు ఎక్కడం ఎలా ఉంటుందో చూడాలి. విమాన భాగాలకు ఏఎస్ 9100 నాణ్యతా ధ్రువపత్రం కావాలి. మొదటి నమూనాను కొలతకొలతకూ పరీక్షించి నివేదిక ఇవ్వాలి. అది తిరస్కరణకు గురైతే ఆ లోహం, ఆ శ్రమ మనవే. సొమ్ము నెలల తర్వాత వస్తుంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది గానీ, ఉన్న ఒక్క కొనుగోలుదారుపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? ఈ నిరీక్షణను భరించేది చేతిలోని పెట్టుబడి, తాకట్టుకు పనికివచ్చే భూమి. ఎస్సీ, ఎస్టీలకు స్టాండప్ ఇండియా కింద 2025 మార్చి వరకు కోటి దాకా రుణం దొరికేది. యంత్రాలపై 25 శాతం సబ్సిడీ, 2016లో లూథియానాలో ప్రారంభించిన జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ ఉన్నాయి. అవి యంత్రాన్ని ఇస్తాయి. ఆర్డరును ఇవ్వవు. ఆర్డరు పరిచయాలలోంచి వస్తుంది. నేను చూసినంతవరకు బాలానగర్‌లో తొలితరం యజమానుల్లో చాలామంది ప్రభుత్వరంగ సంస్థల్లో ఇంజనీర్లుగా పనిచేసి బయటికి వచ్చినవారు, లేదా వారి బంధువులు. ఏ విభాగానికి ఎప్పుడు ఏ భాగం అవసరమో వారికి భోజనాల దగ్గరే తెలిసేది. దీన్ని ప్రతిభ అని పిలవడం మనకు అలవాటు.

(లోహవిద్య కులవృత్తిగా ఉన్న కమ్మరులకూ ఈ ఉత్తర్వులో చోటు లేదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. బీసీల ఉపలక్ష్యం గురించి ఎవరూ మాట్లాడరు.)

ప్రైవేటు రంగంలో ఆ కాగితపు వాటా కూడా లేదు. ఆదిభట్లలో టాటా–బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు చేస్తోంది. టాటా–లాక్‌హీడ్ సంస్థ సీ-130జే విమానాల తోక భాగాలను చేస్తోంది. ఇవే అమెరికన్ కంపెనీలు తమ దేశంలో పెద్ద ప్రభుత్వ కాంట్రాక్టు పొందినప్పుడు, ఉపకాంట్రాక్టుల్లో చిన్న సంస్థలకు ఎంత ఇస్తామో, సామాజికంగా వెనుకబడినవారి సంస్థలకు ఎంత ఇస్తామో ముందే ప్రణాళిక రాసి ఇవ్వాలి. చిత్తశుద్ధితో ప్రయత్నించలేదని తేలితే నష్టపరిహారం కట్టాలి. ఇలా వెనుకబడిన సంస్థలకు జాతీయ స్థాయిలో 5 శాతం లక్ష్యం చట్టంలోనే ఉంది. పెద్ద కంపెనీ చిన్న సంస్థకు నాణ్యత, యాజమాన్యం నేర్పే మార్గదర్శక పథకాన్ని అక్కడి రక్షణ శాఖ 1990లలో మొదలుపెట్టింది. అక్కడా ఇదంతా వివాదరహితం కాదు. నల్లజాతి తదితరులను వెనుకబడినవారుగా ముందే పరిగణించే పద్ధతిని 2023లో ఒక ఫెడరల్ కోర్టు నిలిపివేసింది. అయినా ప్రధాన కాంట్రాక్టరు తన కింది అంతస్తులకు జవాబుదారీ అన్న సూత్రం నిలిచే ఉంది. అమెరికా నేల దాటాక ఆ చట్టం వర్తించదు. మన చట్టం అడగదు. మన 2012 నాటి ఆఫ్‌సెట్ మార్గదర్శకాలు చిన్న పరిశ్రమల నుంచి కొంటే విదేశీ కంపెనీకి ఒకటిన్నర రెట్ల లెక్క ఇచ్చాయి. ఆ చిన్న పరిశ్రమ ఎవరిదన్న గడి అందులో లేదు.

వాటా పెడితే బినామీలు పుట్టుకొస్తారన్న అభ్యంతరం ఉంది. పుట్టుకొస్తారు, గ్యాస్ ఏజెన్సీల విషయంలో చూశాం. దానికి విరుగుడు యాజమాన్యాన్ని తనిఖీ చేయడం. నాణ్యత పడిపోతుందన్న వాదనకైతే నా దగ్గర ఓపిక లేదు. పక్క గల్లీ పేరుతో వెళ్లినప్పుడు పాసైన బ్రాకెట్, చేసినవాడి పేరుతో వెళితే ఎందుకు ఫెయిలవుతుంది?

కావలసింది ముందుగా ఒక లెక్క. రక్షణ కాంట్రాక్టు పొందిన ప్రతి పెద్ద సంస్థా, ప్రభుత్వరంగమైనా ప్రైవేటైనా, తన రెండో, మూడో అంతస్తు సరఫరాదారుల సామాజిక వివరాలను ఏటా ప్రకటించాలి. విడిభాగాలకు ఆయుధ మినహాయింపును తొలగించాలి. 4 శాతంలో మిగిలింది తర్వాతి ఏడాదికి చేరాలి. జాబ్‌వర్క్ చేసిన సంస్థ పేరును నాణ్యతా పత్రంలో నమోదు చేయాలి. ఇది అన్నిటికంటే చిన్నది, ఖర్చు లేనిది.

నా మిత్రుడు ఈ వేసవిలో ఒక పెద్ద సంస్థకు సరఫరాదారుగా నమోదు కోసం దరఖాస్తు నింపాడు. గత మూడేళ్లలో రక్షణ రంగానికి చేసిన సరఫరాల వివరాలు, రుజువులతో ఇవ్వాలని అందులో ఒక గడి. మూడేళ్లలో వేల ముక్కలు చేశాడు. రుజువు ఇవ్వగలిగింది పక్క గల్లీ యజమాని ఒక్కరే. నెల క్రితం అడిగితే ‘చూద్దాంలే’ అన్నారట. దరఖాస్తు ఇంకా సొరుగులోనే ఉంది.