పాండేసరలో సెలవు రోజు వంట: ఒక కుక్కరు వెనుక ఉన్న లెక్కలు

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం దొరికితే అదృష్టమని గుజరాతీలో ఒక నానుడి ఉంది. ఉంధియు, లోచో, ఘారీ వంటి వంటకాలతో సూరత్ నగరం సంపాదించుకున్న పేరు అది. అదే నగరానికి దక్షిణాన ఉన్న పాండేసర పారిశ్రామిక వాడలో, వారానికి ఒక్కనాడు సెలవు దొరికిన కార్మికుని గదిలో ఆ నానుడికి పెద్దగా చోటు లేదు. అక్కడి పొయ్యి మీద తరచుగా కనిపించేది ఒక ప్రెషర్ కుక్కరు. బియ్యం, పప్పు అందులో కలిసి ఉడుకుతుంటాయి. పక్కన కోసిన ఉల్లిపాయ, ఊరి నుంచి తెచ్చుకున్న తొక్కు ఉంటాయి.

శ్రమ లేని వంట అనగానే బద్ధకం గుర్తుకు వస్తుంది. పాండేసర వంటి చోట దానికి అసలు కారణం అలసట. అంతకంటే గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఎంతో తేలికగా కనిపించే ఈ ఒక్క పూట వంట సాధ్యం కావాలంటే తీరిక, ఇంధనం, తిండిగింజలు, వండే చేయి అనే నాలుగూ ఒకేచోట కుదరాలి. వలస కార్మికుని విషయంలో ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ దానంతట అది కుదిరేది కాదు.

పన్నెండు గంటల తరువాత

పాండేసరలో వస్త్రాలకు రంగులద్దే, అచ్చువేసే మిల్లులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఉధ్నా, లింబాయత్ వంటి సమీప ప్రాంతాలలో మరమగ్గాలు నడుస్తాయి. ఈ పరిశ్రమలకు ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి కార్మికులు వచ్చారు. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా చేనేత కుటుంబాల నుంచి, దశాబ్దాల క్రితమే వచ్చి స్థిరపడినవారు కూడా ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడం ఆ వలస ఎంత పాతదో, ఎంత విస్తృతమో తెలుపుతుంది.

ఈ మిల్లులలోను, మగ్గాల షెడ్లలోను పన్నెండు గంటల షిఫ్టు చిరకాలంగా వాడుకలో ఉంది. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు పని చేస్తే వారానికి 72 గంటలవుతాయి. 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్దేశించిన పరిమితి రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు. 2025లో గుజరాత్ ప్రభుత్వం ఈ చట్టానికి సవరణ తెచ్చి రోజువారీ పరిమితిని 12 గంటల వరకు పెంచేందుకు వీలు కల్పించింది. వారానికి 48 గంటల హద్దును మాత్రం అలాగే ఉంచింది. ఈ లెక్క ప్రకారం పన్నెండు గంటల చొప్పున పని చేసినవారికి నాలుగు రోజులతో వారం పూర్తి కావాలి. మిగిలిన మూడు రోజులు విశ్రాంతిగానైనా ఉండాలి, లేదా ఆ అదనపు పనికి రెట్టింపు వేతనమైనా అందాలి.

కాగితం మీది ఈ మూడు రోజులకు, గదిలో దొరికే ఒక్క రోజుకు మధ్య ఉన్న దూరమే సెలవు రోజు వంటను నిర్ణయిస్తున్నది. ఆ ఒక్క రోజులోనే బట్టలు ఉతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, ఊరికి ఫోను చేయాలి, నిద్ర తీర్చుకోవాలి. వంటకు మిగిలేది అరగంటే. ముక్కకు విలువ కట్టి ఇచ్చే కూలి ఉన్నచోట సెలవు రోజుకు ఆదాయం కూడా ఉండదు. కనుక ఆనాటి వంట తేలికగా ఉండడంతో పాటు చవకగా కూడా ఉండక తప్పదు.

అరగంటలో అయ్యేది

ఈ అవసరానికి తెలుగు వంటిల్లు, గుజరాతీ వంటిల్లు రెండూ ఇంచుమించు ఒకే సమాధానం చెప్పడం విశేషం. గుజరాత్‌లో అలసిన సాయంత్రపు భోజనం కిచిడీ, కఢీ. తెలుగు ఇంట పెసరపప్పు పులగం, మజ్జిగ పులుసు వాటికి దగ్గరి చుట్టాలు. మిగిలిన అన్నాన్ని పోపు వేసి తినడాన్ని గుజరాతీలు వఘారేలో భాత్ అంటారు. తెలుగువారికి అది పోపన్నం. గుజరాతీ బటాకా పౌవా, తెలుగు అటుకుల ఉప్మా కూడా అటువంటి జంటే. అటుకులు ముందే ఉడికి ఎండినవి కాబట్టి నీటితో తడిపి పోపులో వేస్తే పది నిమిషాలలో పని ముగుస్తుంది. గుప్పెడు వేరుశనగ గుళ్లు కలిపితే అది ఉపాహారం స్థాయిని దాటి పూట భోజనానికి సరిపోతుంది.

కిచిడీ విలువ శ్రమ తక్కువ కావడంలోనే లేదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంటుంది. పప్పులో కొరవడే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు కలిపితే రెండింటి మాంసకృత్తులు ఒకదానినొకటి పూరిస్తాయి. కడిగిన బియ్యం, పెసరపప్పు, పసుపు, ఉప్పు, తరిగిన సొరకాయో టమాటానో వేసి, కొలతకు నాలుగింతల నీరు పోసి మూడు నాలుగు కూతలు రానిస్తే చాలు. పప్పును ముందుగా అరగంట నానబెడితే గ్యాసు మరింత ఆదా అవుతుంది.

తెలంగాణ కుటుంబాలకు పొయ్యితో దాదాపు పని లేని మరో దారి ఉంది. అది పచ్చిపులుసు. నానబెట్టిన చింతపండును పిసికి, అందులో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం బెల్లం, కొత్తిమీర కలిపి పోపు పెడితే సరిపోతుంది. వేసవిలో రేకుల కప్పు గదిలో పొయ్యి దగ్గర నిలబడలేని రోజున దీనికి సాటి లేదు. అయితే పచ్చిపులుసు అన్నాన్ని రుచిగా లోపలికి పంపుతుందే తప్ప కండకు బలం ఇవ్వదు. అన్నం ఉడికే కుక్కరులోనే రెండు గుడ్లు, శుభ్రంగా కడిగి, వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

మిగిలిన అన్నం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వండిన అన్నాన్ని వేడి వాతావరణంలో గంటల తరబడి వదిలేస్తే అందులో ఒక రకం బాక్టీరియా పెరిగి విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. తరువాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. ఫ్రిజ్ లేని గదిలో రెండు పూటలకు ఒకేసారి వండుకోవడం పని తగ్గించినట్లు కనిపించినా, మరునాటి షిఫ్టు పోగొట్టే ప్రమాదం అందులో ఉంది.

వండేది ఎవరు

తేలిక వంట అన్న మాట ఎవరికి తేలిక అన్న ప్రశ్న లేకుండా పూర్తి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే మహిళలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. పురుషుల విషయంలో ఇది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ సంఖ్యలు 289, 88గా నమోదయ్యాయి. ఐదేళ్లలో మహిళల సమయం పది నిమిషాలు తగ్గగా, పురుషుల సమయం కూడా దాదాపు అంతే తగ్గింది. అంటే మహిళల చేతి నుంచి తగ్గిన పని పురుషుల చేతికి మారలేదు.

సూరత్ కార్మిక వాడలలో ఈ సగటుకు భిన్నమైన దృశ్యం కూడా ఉంది. కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చిన పురుషులు అయిదారుగురు ఒకే గదిలో ఉంటూ వంతులవారీగా వండుకుంటారు. పగటి షిఫ్టువారు లేచిన పడకపై రాత్రి షిఫ్టువారు పడుకునే గదులూ ఉన్నాయి. అటువంటి గదులలో మగవారు పప్పు పెట్టడం, అన్నం వార్చడం అవసరం కొద్దీ నేర్చుకున్నారు. కుటుంబంతో ఉన్న ఇళ్లలో మాత్రం సెలవు రోజు సాధారణంగా పురుషునిదే అవుతుంది. ఇంటివద్ద చీరలకు కుందన్లు అంటించడం, లేసు కుట్టడం వంటి ముక్కపని చేసే మహిళలకు వారంలో ఫలానా రోజు సెలవన్న నియమమే లేదు. కుక్కరు వంట వారికి నిజమైన ఊరట కావాలంటే, దానిని పొయ్యి మీద పెట్టే చేయి వారంలో ఒక్కనాడైనా మారాలి.

సిలిండరు, చిరునామా

రెండవ షరతు ఇంధనం. గ్యాసు కనెక్షన్‌కు చిరునామా రుజువు అడగడం, అద్దె గదికి ఒప్పంద పత్రం లేకపోవడం వలస కార్మికునికి చిరకాలపు సమస్య. దీనికి రెండు మార్గాలు ఏర్పడ్డాయి. గుర్తింపు కార్డు మాత్రమే చూపి కొనుక్కోగలిగే 5 కిలోల సిలిండరు 2013లో అందుబాటులోకి వచ్చింది. 2021 ఆగస్టులో మొదలైన రెండవ విడత ఉజ్జ్వల పథకంలో వలస కుటుంబాలు చిరునామాకు స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుందని నిర్ణయించారు. అయితే ఉజ్జ్వల కనెక్షన్ మహిళ పేరిట ఇచ్చేది. పురుషులు మాత్రమే ఉండే గదికి అది వర్తించదు.

5 కిలోల సిలిండరుకు గృహ వినియోగపు సబ్సిడీ లేదు. ఆ ధర భరించలేనివారు అనధికారికంగా నింపిన చిన్న సిలిండర్ల వైపు మొగ్గుతారు. కిటికీ లేని గదిలో, నాణ్యత ముద్ర లేని సిలిండరు పక్కనే నిద్రపోవలసి రావడం ప్రాణాలకే ముప్పు. అందువల్ల ఒక్క కుక్కరుతో ముగిసే వంట ఆ గదిలో ఖర్చుతో పాటు పొయ్యి వెలిగి ఉండే సమయాన్ని కూడా తగ్గిస్తుంది.

సరిహద్దు దాటిన కార్డు

మూడవది గింజలు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు ఎంచుకున్న రాష్ట్రాలు నాలుగే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంట కాగా, గుజరాత్, మహారాష్ట్ర మరొక జంట. 2020 జనవరి 1 నుంచి ఈ నాలుగూ సహా పన్నెండు రాష్ట్రాలు ఒకే వ్యవస్థలోకి వచ్చాయి. అంటే సిరిసిల్ల కార్డుతో సూరత్ చౌకధరల దుకాణంలో గింజలు తీసుకునే వీలు ఆనాటి నుంచే ఉంది. 2022 నాటికి పథకం దేశమంతటా విస్తరించింది.

కుటుంబంలో ఊళ్లో ఉన్నవారు తమ వాటా అక్కడ, పనికి వెళ్లినవారు తమ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. కేంద్ర చట్టం పరిధిలోని కార్డులకే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చేది సరిహద్దు దాటదు. 2025 ఉగాది నుంచి తెలంగాణ మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నది. సూరత్‌లో తీసుకుంటే ఆ సన్నబియ్యం రాదు. గుజరాత్‌లో ఇచ్చే కోటాలో గోధుమ కూడా ఉంటుంది. గోధుమను పిండి పట్టించి, కలిపి, రొట్టె చేయడం అలసిన రోజు పని కాదు. దుకాణం తెరిచి ఉండే వేళ, షిఫ్టు వేళ ఒకటే కావడం మరో అడ్డంకి. హక్కు ఉన్నా అందుకోలేకపోవడానికి ఇటువంటి చిన్న కారణాలే చాలు.

2020 చూపినది

ఈ ఏర్పాట్లు ఎంత బలహీనమైనవో 2020లో పాండేసర వీధులే చూపాయి. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, మార్చి 29 రాత్రి, గణేశ్‌నగర్, తిరుపతినగర్ ప్రాంతాలలో దాదాపు 500 మంది కార్మికులు సొంత ఊళ్లకు పంపాలంటూ రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. 90 మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు. పని ఆగితే కూలి ఆగుతుంది. కూలి ఆగితే కిరాణా అప్పు, గది అద్దె, గ్యాసు ఒకదాని వెంట ఒకటి ఆగుతాయి. అప్పటికి రేషన్ కార్డు బదిలీ అమలులోకి వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. కాగితం మీద హక్కు ఉన్నా, దానిని వాడుకోవడం తెలిసినవారు చాలా తక్కువ. బియ్యం, పప్పు, గ్యాసు నెల రోజులకు సరిపడా గదిలో ఉండడం ఎంతటి భద్రతో ఆ వారాలు తేల్చి చెప్పాయి.

క్యాంటీను మాట

వంట భారాన్ని గది నుంచి కొంత బయటకు తరలించే మార్గం చట్టంలోనే ఉంది. 250 మందికి పైగా కార్మికులున్న కర్మాగారంలో క్యాంటీను ఉండాలన్నది 1948 చట్టం నియమం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య స్మృతి ఈ సంఖ్యను 100కు తగ్గించింది. కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ లెక్కలో చేర్చింది. దళారుల ద్వారా మనుషులను పెట్టుకునే మిల్లులకు ఇది ముఖ్యమైన మార్పు. అయితే పది, ఇరవై మందితో నడిచే మగ్గాల షెడ్లు దీని పరిధిలోకి రావు. అటువంటి చోట పలు యూనిట్లకు కలిపి ఒక భోజనశాల, షిఫ్టు ముగిసే వేళ తెరిచి ఉండే చౌకధరల దుకాణం, చిన్న సిలిండరుకు అందుబాటు ధర వంటివి స్థానిక యంత్రాంగం, పారిశ్రామిక సంఘాలు తలపెడితే సాధ్యమయ్యేవే.

వారంలో ఆరు రోజులు మిల్లులో పని చేసిన మనిషి ఏడవ రోజున అరగంటలో వండుకుని తృప్తిగా తినగలగడం పెద్ద కోరిక కాదు. కిచిడీ ఎలా వండాలో పాండేసరలో ఎవరికీ నేర్పనవసరం లేదు. 48 గంటల హద్దు మిల్లు గేటు వద్ద అమలవుతున్నదా, 100 మంది లెక్కలో కాంట్రాక్టు కార్మికులను నిజంగా కలుపుతున్నారా అన్నవి రానున్న నెలలలో తనిఖీ అధికారులు పరిశీలించవలసిన అంశాలు.